ప్రసిద్ధులు – మత్తుమందులు – మన యువజనులు

(యువజన తరగతులకును, తల్లిదండ్రులకును ఉద్దేశింపబడిన పాఠము)

శ్రేష్ఠుడైనవాడు ఏది ఆచరించునో ఇతరులును దానినే ఆచరింతురనియు, అతడు దేనిని ప్రమాణముగా గైకొనునో లోకము దానినే అనుసరించుననియు భగవద్గీత మూడవ అధ్యాయములో శ్రీకృష్ణుడు అర్జునునకు తెలిపెను. ఆనాడు సినిమా లేదు, రేడియో లేదు, జేబులో ఇమిడిపోవు టెలిఫోను లేదు. అయినను నేటి తల్లిదండ్రులను కలతపెట్టుచున్న ప్రశ్నకు మూలము ఆ మాటలోనే కలదు. తెరపై కనబడు నటుడు, వేదికపై పాడు గాయకుడు మత్తుమందును ఆదరించినయెడల మన పిల్లలును దానిని ఆదరింతురా?

తొందరపడి అవుననుట సులభము. అంతయు భ్రమయని త్రోసిపుచ్చుటయు సులభమే. రెండు వైపులను ఆధారములు కలవు. కనుక విషయమును క్రమముగా పరిశీలింతము.

1. మత్తు మన దీవికి తారల వెంట రాలేదు

మన పూర్వులు కోరంగి మొదలగు రేవులలో ఓడలెక్కి మారిషస్ చెఱకు తోటలకు వచ్చిరి. ఆ రేవు పేరుననే తెలుగువారిని ఈ దీవిలో కోరంగీలని పిలిచిరి. చెఱకు పండుచోట రమ్ము దిగుట సహజము. గంజాయికి ఇచటి క్రియోల్ భాషలో వాడుకలోనున్న పేరు కూడ భారతదేశపు మాటనుండి పుట్టినదే. నాడు మత్తునకు లోబడినవారికి ఏ సినిమా తారయు దారి చూపలేదు. ఒడలు విఱిచిన పని, అయినవారికి దూరమైన బ్రతుకు, ప్రక్కవాని పిలుపు, చేతికందిన ధర, ఇవియే చాలినవి.

ఇటీవలి కథయు ఇట్టిదే. 2010 తరువాతి దశాబ్దములో కృత్రిమ రసాయనములతో చేసిన మత్తుమందులు మారిషస్ యువజనులలో వ్యాపించినవి. ఎండుటాకులపై రసాయనమును చల్లి అమ్ముదురు. అందులో ఏమున్నదో కొనువానికి తెలియదు, అమ్మువానికిని తెలియదు. మత్తుమందుల వ్యాపారముపై విచారణకై 2015లో మాజీ న్యాయమూర్తి పాల్ లామ్ షాంగ్ లీన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2018లో తన నివేదికను సమర్పించెను. ఈ సరకు వ్యాపించుటకు ఏ తార కీర్తియు అవసరము కాలేదు. అది చవుక, అది సులభముగా దొరకును. కావున దోషమంతయు సినిమాలపై మోపి, వీధి చివర జరుగుచున్న అమ్మకమును మఱచుట తెలివి కాదు.

2. కాయా కథ నేర్పునదేమి?

అట్లని ప్రసిద్ధుల ప్రభావము లేదనుటకును వీలులేదు. ఈ దీవిలో దీనికి మిక్కిలి బాధాకరమైన ఉదాహరణ కలదు.

కాయా అను పేరుతో ప్రసిద్ధుడైన గాయకుని అసలు పేరు జోసెఫ్ రెజినాల్డ్ టోపీజ్. 1960లో పుట్టెను. మన దీవి సెగాను జమైకా రెగ్గేతో మేళవించి సెగ్గే అను సంగీతమును జనములోనికి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. బాబ్ మార్లీ 1978లో వెలువరించిన గీతసంపుటి పేరునే తన పేరుగా ధరించెను. జమైకాలో ఆ మాట గంజాయికి వాడుక పేరు. 1999 ఫిబ్రవరి 16వ తేదీన రోజ్ హిల్‌లో, గంజాయి వాడుకను నేరముగా చూడరాదని కోరుచు జరిగిన సంగీత సభలో ఆయన పాడెను. అచట గంజాయి త్రాగెనను అభియోగముపై నిర్బంధింపబడి, ఆ నెల 21వ తేదీన పోలీసు చెఱలో మరణించెను. దీవియంతట అల్లర్లు చెలరేగినవి. మఱికొన్ని ప్రాణములు పోయినవి.

యువజనులు ఆయనను ప్రేమించినది గంజాయి కొఱకేనా? ఆయన పాటలో పేదవాడల గోడు ఉన్నది, క్రియోల్ భాషకు గౌరవమున్నది, జాతుల మధ్య శాంతి కోరిక ఉన్నది. ఆ ప్రేమలో గంజాయి ఒక పోగు మాత్రమే. అయితే నేసిన బట్టనుండి ఒక పోగును లాగి వేరుచేయుట పదునైదేండ్ల వయసువానికి సాధ్యము కాదు. తాను ప్రేమించిన గొంతుతో వచ్చిన దేనినైనను అతడు మొత్తముగా స్వీకరించును. ప్రసిద్ధుల ప్రభావము పనిచేయు మార్గమిదియే.

కనుక పెద్దలు మూడు విషయములను విడదీసి చూపవలెను. పాట విలువ ఒకటి. మత్తుమందు గుణదోషములు వేఱొకటి. దానిని వాడినవానిని చట్టము ఎట్లు చూడవలెననునది మూడవది. మూడవ విషయములో 2022 సంవత్సరపు చట్టసవరణ కొంత మార్పు తెచ్చినది. వైద్యముకొఱకు గంజాయిని వాడుటకు అది ద్వారము తెఱచెను. మత్తునకు లోబడినవారిని చికిత్సకు మళ్ళించు ఏర్పాటును చేసెను. గాయకుని నిందించి పిల్లవాని మనసును నొప్పించినయెడల, ఆ తరువాత మనము చెప్పు ఆరోగ్యసత్యమును అతడు వినడు.

3. తెర ఏమి చూపును, ఏమి దాచును?

1953లో వెలువడిన దేవదాసు చిత్రమును మన పెద్దలలో ఎఱుగనివారు అరుదు. త్రాగి త్రాగి ప్రాణము కోల్పోయిన వాని కథ అది. అయినను తెలుగునాట దేవదాసు అను పేరు ప్రేమ విఫలమై త్రాగువానికి ఒక విధమైన బిరుదుగా మాఱినది. అక్కినేని నాగేశ్వరరావు కన్నులలోని ఆ మత్తు మద్యమువలన కలిగినది కాదనియు, కడుపునిండ పెరుగన్నము తిని రాత్రివేళ నటించుటవలన కలిగినదనియు ప్రసిద్ధి. తెరపై మనము చూచి మోహపడినది నటుని నేర్పును. వెలుపల కొని తెచ్చుకొనునది సారాయిని.

దేవ్ ఆనంద్ 1971లో నిర్మించిన హరే రామ హరే కృష్ణ అను హిందీ చిత్రమునకును ఇదే గతి పట్టినది. మత్తుమందుల పాలైన చెల్లెలిని అన్న రక్షింపలేకపోవుట అందలి కథ. అది హెచ్చరికగా తీయబడిన చిత్రము. కాని అందలి ఒక పొగమత్తు పాట కథను విడిచి ఒంటరిగా బయలుదేరి, నేటికిని పెండ్లి విందులలో వినబడుచున్నది. చెల్లెలి చావు ఎవరికిని గుర్తులేదు. హెచ్చరిక కథలో ఉండును, ఆకర్షణ పాటలో ఉండును. పాటకు ఆయువు ఎక్కువ.

వార్తలును ఇట్లే పనిచేయును. 2017లో హైదరాబాదులో ఒక మత్తుమందుల వ్యవహారమున తెలుగు చలనచిత్ర రంగమువారిని కొందఱిని తెలంగాణ ఎక్సైజు శాఖ ప్రశ్నించెను. ప్రశ్నింపబడినంత మాత్రమున ఎవడును దోషి కాడు. అయినను నెలల తరబడి అవే మాటలు వినిన యువకుని మనసులో, పెద్ద స్థితికి చేరినవారందఱు ఇట్లే ఉందురు కాబోలు అను భావము నాటుకొనును. అది నిజము కాదు, కాని ప్రమాదకరము.

4. పరిశోధకుల నిర్ణయములు

చూచి నేర్చుకొనుటను గూర్చి అమెరికాలో ఆల్బర్ట్ బందూరా 1961లో చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. పెద్దవారు ఒక బొమ్మను కొట్టుచుండగా చూచిన పిల్లలు, ఒంటరిగా విడువబడినపుడు తామును అట్లే కొట్టిరి. ఎవరును వారికి బోధింపలేదు, చూచుటయే చాలినది.

పొగాకు విషయములో సాక్ష్యము బలముగా ఉన్నది. సినిమాలలో పొగత్రాగు దృశ్యములకును, యువజనులు పొగత్రాగ నారంభించుటకును కార్యకారణ సంబంధమున్నదని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2012 నివేదికలో తేల్చిరి. ఆ సంవత్సరమే భారతదేశములో, పొగత్రాగు దృశ్యములున్న చిత్రములకు హెచ్చరికలు జోడింపవలెనను నియమము గట్టిగా అమలులోనికి వచ్చెను. గంజాయి, హెరాయిన్ మొదలగువాని విషయములో ఇంత దృఢముగా చెప్పుటకు వీలులేదు. అచట స్నేహితులు, కుటుంబము, దొరకు సౌలభ్యము అను కారణములు కలసి పనిచేయును.

మఱి ప్రచారముతో ఈ ప్రభావమును త్రిప్పికొట్టవచ్చునా? అమెరికాలో 1998 నుండి 2004 వరకు వందకోట్ల డాలర్లకు మించిన ధనముతో మత్తుమందులకు వ్యతిరేకముగా యువజనులలో ప్రచారము జరిగెను. అది యువజనులను గంజాయినుండి మరల్చినదనుటకు ఆధారము లభింపలేదని ఆ దేశపు లెక్కల తనిఖీ సంస్థ 2006లో ప్రకటించెను. 2024 జూలైలో తెలంగాణ ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి, టిక్కెట్ల ధర పెంపును కోరు చిత్రములవారు మత్తుమందులకు వ్యతిరేకముగా చిన్న చిత్రము తీసి ఈయవలెనని కోరెను. ఉద్దేశము మంచిదే. కాని తార ఒక నిమిషము చెప్పిన నీతి, ఇంటిలో ఏడాది పొడవున కనబడు ఆచారమునకు సాటి రాదు.

5. ప్రసిద్ధుడు వేఱు, శ్రేష్ఠుడు వేఱు

గీతలోని మాటను మఱల గమనింపుడు. అందు చెప్పబడినవాడు శ్రేష్ఠుడు. ప్రసిద్ధుడని చెప్పబడలేదు. పదిమంది ఎఱిగినవాడు ప్రసిద్ధుడు. పదిమందికి ప్రమాణము కాదగినవాడు శ్రేష్ఠుడు. పిల్లవాడు తాను ఎవనిని శ్రేష్ఠునిగా భావించునో వానిని అనుసరించును. ఆ భావము ఏర్పడుచోటు తెర ఒక్కటియే కాదు. ఇల్లు, వీధి, బడి, మన సభాస్థలము కూడ.

ఉగాది నాటకములో వేషము కట్టిన ఇరువదేండ్ల యువకుడు, ముందువరుసలో కూర్చున్న పదేండ్ల పిల్లవానికి ఒక తారయే. ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టువాడును తారయే. వాడు ఆట ముగిసిన పిమ్మట ఏమి త్రాగునో ఆ పిల్లవాడు గమనించుచునే యుండును. పెండ్లి ఇంట పందిరి వెనుక పెద్దలు సీసా చుట్టు చేరి నవ్వుచుండగా చూచిన బిడ్డకు, దూరపు నటుని ఉదాహరణతో పనిలేదు. హెరాయిన్‌నకు భయపడు ఇంటిలోనే రమ్మునకు మర్యాద జరుగుచున్నచో, మన మాటకు బరువుండదు.

కావున చేయదగిన పనులు ఇవి. పిల్లలు చూచు చిత్రమును ఒకమాఱు వారితో కూర్చుండి చూడవలెను. వారు వినుపాటను వినవలెను. పిదప నిందింపక, ఈ కథలో చూపనిదేమి అని అడుగవలెను: మఱునాటి ఉదయము, పోయిన ఉద్యోగము, తల్లి కన్నీరు. ఎవడైనను మత్తునకు లోబడినయెడల పరువుకొఱకు దాచక వైద్యునివద్దకు కొనిపోవలెను. హెరాయిన్ అలవాటునకు మెథడోన్ చికిత్స మన దీవిలో 2006లోనే ప్రారంభమైనది. దాచిన యింట రోగము ముదురును.

తరగతిలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మీరు అభిమానించు ఒక నటునిగాని గాయకునిగాని తలచుకొనుడు. ఆయనలో అనుసరింపదగినది ఏది? విడువదగినది ఏది?

2. చెడును చూపి హెచ్చరింపదలచిన చిత్రము ఆ చెడునే ఆకర్షణీయముగా చేయుటకు కారణమేమి?

3. కాయా మరణమువలన కలిగిన దుఃఖమును గౌరవించుచునే గంజాయివలని హానిని గూర్చి మాటలాడుట ఎట్లు?

4. మన సభలో, మన వీధిలో చిన్నపిల్లలు ఎవరివంక చూచుచున్నారు? వారిలో మీరును ఒకరా?