చదువు భారమును దించు తాళము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 14:10-12; 15:20, 21; 2 సమూయేలు 6:12-23.



మార్చి నెల వచ్చినదనగా మన పల్లెలలో రెండు పనులు కూడి వచ్చును. పొలములో మిరపకాయల కోత, ఇంటిలో పదియవ తరగతి పరీక్ష. తెల్లవారుజామున నాలుగు గంటలకే పిల్లవాడు పుస్తకము ముందర కూర్చుండును. చేతులు చల్లబడియుండును, అన్నము సయింపదు, నిన్న కంఠస్థము చేసినది నేడు జ్ఞాపకము రాదు. వాడు లేచి వాకిటిలో రెండడుగులు వేసినయెడల తల్లి, "తిరుగుళ్లు చాలించి కూర్చుండి చదువుము" అనును. ఆమె ప్రేమతోనే అనుచున్నది. అయితే ఆ రెండడుగులే వానికి మేలు చేయునవి కావచ్చునని ఈ పాఠములో ఆలోచింతము.

భయము మనస్సులో మాత్రమే యుండునది కాదు, శరీరములోను ఉండును. ఎద్దు తరుముకొని వచ్చినప్పుడు మనకేమి జరుగును? మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, ఊపిరి పొట్టిదగును. ఇదంతయు పరుగెత్తుటకు కావలసిన సిద్ధపాటు. పరీక్షకు భయపడు పిల్లవానికిని ఇదే జరుగును. కాని వాడు పరుగెత్తడు, చాపమీదనే కూర్చుండియుండును. ఖర్చు కావలసిన బలము మెడలోను భుజములలోను బిగిసి నిలిచిపోవును. అందుచేత శరీరమును కదలించినప్పుడు ఆ బిగువు సడలును.

పరుగెత్తిన చాలును గదా, తాళమెందుకు అని మీరడుగవచ్చును. తాళములో మూడు మేళ్లు కలవు. మొదటిది, అడుగును చప్పట్లను లెక్కించు మనస్సునకు రేపటి ప్రశ్నపత్రమును తలంచుటకు తీరిక తక్కువ. రెండవది, తాళముతోకూడ ఊపిరియు క్రమపడును. ఊపిరి పీల్చునప్పుడు గుండె కొంచెము వడిగాను, విడుచునప్పుడు కొంచెము నెమ్మదిగాను కొట్టుకొనును. కావున నిదానముగా విడిచిన ఊపిరి గుండెను నెమ్మదిపరచును. మూడవది, తాళము పదిమందిని కలుపును. "నేనొక్కడనే వెనుకబడితిని" అని లోలోపల కుమిలిపోవు పిల్లవానికి తోటివారితో కలిసి వేయు అడుగు గొప్ప ఆదరణ.

స్విట్జర్లాండు దేశమందలి జెనీవా పట్టణములో 1892లో ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ అను సంగీతజ్ఞుడు ఉపాధ్యాయుడుగా చేరెను. శిష్యులు కాగితముమీద స్వరములను సరిగా వ్రాసియు, తాళము తప్పుచుండుటను ఆయన గమనించెను. అప్పుడు వారిని బల్లలయొద్దనుండి లేపి, సంగీతమునకు తగినట్లు నడిపించి, చప్పట్లు కొట్టించి నేర్పెను. చదువు తలకు మాత్రమే కాదు, కాళ్లకును చేతులకును సంబంధించినదని ఆయన కనుగొనెను. ఈ పద్ధతికొరకు 1915లో జెనీవాలో స్థాపింపబడిన పాఠశాల నేటికిని నడుచుచున్నది.

మనము అంత దూరము పోనక్కరలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనకు పైన రాగమును తాళమును వ్రాయబడియుండును గదా! కంజీర, తాళములు, కోలాటము కోలలు మన పల్లెలలో ఉన్నవే.

వాక్యభాగమును చూడుడి. సముద్రము ఎదుటను, ఫరో సైన్యము వెనుకను ఉన్నప్పుడు ఇశ్రాయేలీయులు మిక్కిలి భయపడిరి. దాటిన పిమ్మట మిర్యాము తంబురను చేతపట్టుకొనెను. స్త్రీలందరు నాట్యముతో ఆమెను వెంబడించిరి. అది స్తుతియే. అయినను అంతటి భయమునుండి వెలుపలికి వచ్చిన జనులు నోటితో మాత్రమేగాక కాళ్లతోను చేతులతోను స్తుతించిరని గమనింపుడి.

ఇంటిలో చేయదగిన పద్ధతి:

1. ఒక గంట చదివిన తరువాత పది నిమిషములు పుస్తకము మూసి వాకిటిలోనికి రావలెను.

2. ఆదితాళమునకు ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు; తరువాత దెబ్బ, విసురు; మరల దెబ్బ, విసురు. లెక్కకొక అడుగు చొప్పున నిదానముగా నడువవలెను.

3. మూడడుగులకు ఊపిరి పీల్చి, అయిదడుగులకు విడువవలెను. తల తిరిగినయెడల మాని, మామూలుగా ఊపిరి తీసికొనవలెను.

4. వారమునకొక సాయంకాలము పిల్లలందరు కూడి కోలాటము వేయవలెను. తప్పిన వానిని నవ్వకూడదు. అక్కడ మార్కులు లేవు.

అయిదు మొదలు పదునేడు ఏండ్ల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములు శరీరమునకు శ్రమ కలుగునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో తెలిపెను. కాబట్టి ఈ పది నిమిషములు చదువునుండి దొంగిలించినవి కావు.

అయితే ఒక హెచ్చరిక. తాళము చదువునకు బదులు కాదు, నిద్రకును బదులు కాదు. మన దేశములో 2022 సంవత్సరమందు 13,000 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. అందరి దుఃఖమునకును కారణము పరీక్షలే కావు. అయినను బిడ్డ మాటలాడుట మానినను, నిద్రపోకున్నను, బ్రదుకుటకు ఇష్టము లేదన్నను, దానిని తేలికగా తీసికొనకుడి. గద్దింపక కూర్చుండి వినుడి, ఒంటరిగా విడువకుడి, వైద్యునియొద్దకు తీసికొనిపొండు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సహాయమునకు 14416 నంబరుకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

కోలాటము లోకసంబంధమైనదనియు, కాలము పాడుచేయుననియు తలంచు పెద్దలు మనలో కలరు. వారి భయమును తృణీకరింపరాదు. ఏ పాటకు, ఎవరితో, ఎంతసేపు అని విచారించుట మంచిదే. కాని దావీదు మందసము ఎదుట నాట్యమాడినప్పుడు మీకాలు కిటికీలోనుండి చూచి మనస్సులో హీనపరచినది. ఆమె చూచినది అడుగులను మాత్రమే; వాటి వెనుకనున్న హృదయమును చూడలేదు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ పుస్తకము మూసి కోలలు చేతపట్టినప్పుడు కిటికీయొద్ద నిలువకుడి. వాకిటిలోనికి వచ్చి, మీరును ఒక తాళము వేయుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మీ యింటిలో చదువుకొను బిడ్డ భయము ఏ గురుతులవలన తెలియుచున్నది?

2. మీకాలు చూపునకును మన చూపునకును పోలిక కలదా?

3. పరీక్షల దినములలో మన సంఘము పిల్లలకొరకు ఏ సాయంకాలమును ఏర్పరచగలదు?