సువార్త - పదార్థ విచారము

క్రైస్తవ మతప్రచారమును గూర్చి చెప్పునపుడు ఆంగ్లమున ‘ఇవాంజలైజ్’ అను క్రియాపదమును వాడుదురు. జనులను క్రైస్తవ మతమున చేర్చుట అని దీనికి పలువురు అర్థము చెప్పుకొందురు. పదమూలమును పరిశీలించినచో విషయము మరియొక విధముగా తోచును.

దీనికి మూలము గ్రీకుభాషలోని ‘యువాంగెలియోన్’. ‘యు’ అనగా మంచి. ‘అంగెలోస్’ అనగా వార్తాహరుడు. తెలుగు బైబిలులోని ‘సువార్త’ దీనికి తగిన అనువాదము. క్రీస్తుకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే హోమరు ‘ఒడిస్సీ’ కావ్యమున ఈ పదము, శుభవార్త తెచ్చినవానికి ఇచ్చు బహుమానమను అర్థమున కానవచ్చును. భిక్షుకవేషమున స్వదేశము చేరిన ఒడిస్సియస్, యజమాని తిరిగి వచ్చునని పందులకాపరికి చెప్పి, ఆ వార్తకు బహుమానముగా వస్త్రములు కోరును. కాని యజమాని ఇల్లు చేరకమునుపు వానిని స్వీకరింపననును.

శ్రీమద్రామాయణము నెరిగినవారికి ఈ మర్యాద క్రొత్తది కాదు. శ్రీరాముని పునరాగమనమును హనుమంతుడు విన్నవింపగా భరతుడు లక్ష గోవులను, నూరు గ్రామములను ఇచ్చెదననెను. రావణవధ వార్త విన్న సీతాదేవి, అందుకు తగిన కానుక లోకమున కానరాదనెను. ఈ రెండు కావ్యములందును కానుక విన్నవారినుండి చెప్పినవానికి చేరవలసినదే. వార్తను నమ్మించుటకై చెప్పువాడు వినువారికిచ్చు వెల కాదు.

తరువాతి కాలమున ఈ క్రియకు ‘వార్తను చెప్పుట’ అను అర్థముతోపాటు ‘జనులను మార్చుట’ అను అర్థమును చేరినది. వివాదము పుట్టినది ఇచ్చటనే. బలవంతమును, మోసపు బోధను విడువవలెనని 1965లో రెండవ వాటికన్ మహాసభయే ప్రకటించినది. మన రాజ్యాంగము 25వ అధికరణమున మతప్రచార హక్కునిచ్చినది. బలప్రయోగము, వంచన, ప్రలోభములచే జరుగు మతమార్పిడిని నిషేధించుచు ఒరిస్సా 1967లోను, మధ్యప్రదేశ్ 1968లోను చట్టములు చేసినవి. సుప్రీంకోర్టు 1977లో ఆ చట్టములను సమర్థించి, ప్రచార హక్కనగా తన మతసిద్ధాంతములను వివరించు హక్కే గాని, పరులను మతము మార్చు హక్కు కాదని తీర్పు చెప్పెను.

కావున ‘చెప్పుట’, ‘మార్చుట’ అను రెంటిని ఒకటిగా గ్రహింపరాదు. సువార్త చెప్పు ప్రతివానిని మతము మార్చువాడని నిందించుట తగదు. ఆశచూపి మార్చుటను సువార్త యనుటయు తగదు. భగవత్కథను చెప్పువారికిని ఇదియే నియమము. చెప్పువాడు భక్తితో చెప్పవలెను. వినువాడు తన మనస్సాక్షిగా నిర్ణయించుకొనవలెను.