బోన్సాయ్ - పూర్తికాని కళ

లోతు తక్కువ తొట్టిలో పెంచిన చిన్న చెట్టును మనం వామనవృక్షం అంటాం. జపాను భాషలో దీని పేరు బోన్సాయ్. 'బోన్' అంటే పళ్లెం వంటి తొట్టి, 'సాయ్' అంటే మొక్కను నాటడం. చైనాలో 'పెన్‌జింగ్' పేరుతో అంతకు పూర్వమే ఉన్న విద్య జపాను చేరి తనదైన రూపాన్ని సంతరించుకున్నది. ఈ చెట్టు పుట్టుకతో మరుగుజ్జు కాదు. దాని విత్తనాన్నే నేలలో నాటితే త్రివిక్రముడిలా ఎదుగుతుంది. కొమ్మలు కత్తిరించి, లోహపు తీగ చుట్టి వంచి, కొన్నేళ్లకొకసారి వేళ్లను తగ్గించి తిరిగి నాటడం వల్లనే అది ఆ పరిమాణంలో నిలుస్తుంది.

ఇది తోటపనియా, కళయా? కళ కాదనేవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. లేపాక్షి నంది శిల్పి ఉలిని కింద పెట్టిన నాడే పూర్తయింది. తరువాత రాతికి కలిగేది శిథిలతే కాని ఎదుగుదల కాదు. చెట్టు అలా కాదు. నిరుడు దిద్దిన కొమ్మ ఈ ఏడు తనకు నచ్చిన వైపు చిగురిస్తుంది. చుట్టిన తీగను సకాలంలో విప్పకపోతే బెరడులోకి దిగి మచ్చ మిగులుస్తుంది. సగం పని మనిషిది, సగం ఎండావానలది. అటువంటప్పుడు కర్త ఎవరు? ఏనాటి రూపాన్ని కృతి అనాలి?

1934 నుంచే టోక్యోలోని ఉయెనో కళాప్రదర్శనశాలలో బోన్సాయ్‌లను ప్రదర్శించారు. అయితే ప్రదర్శనశాలలో ఉంచినంత మాత్రాన ఏదీ కళ కాబోదు. మన సంగీతాన్ని తలచుకోవడం మేలు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. ఆయన కృతులు శిష్యపరంపర గొంతులలో నిలిచాయి. ఒకే కృతిని ఇద్దరు గాయకులు ఒకే తీరున పాడరు. మార్పు చెందేది కళ కాదంటే ఆ కృతులను కూడా కాదనవలసి వస్తుంది. భేదం మాత్రం ఒకటున్నది. ఏడాది పాటు ఎవరూ పాడకపోయినా కృతి నశించదు. మండువేసవిలో కొన్నాళ్లు నీరు పోయడం మరిస్తే తొట్టిలోని చెట్టు ఇక ఉండదు.

వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఉన్న ఒక తెల్ల పైన్ చెట్టు చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. 1625 నుంచి దానిని తొట్టిలో పెంచుతున్నారు. హిరోషిమాలోని యమాకి కుటుంబం తరతరాలుగా దానిని కాపాడింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పేలినప్పుడు ఆ చెట్టు సుమారు 3 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ఎత్తైన గోడ చాటున ఉండడంతో బతికి బయటపడింది. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా జపాను కానుకగా ఇచ్చిన 53 చెట్లలో మసారు యమాకి దానిని చేర్చి పంపాడు. బాంబు వేసిన దేశానికే! ఆ సంగతి అక్కడివారికి 2001లో, ఆయన మనుమలు చెట్టును చూడవచ్చినప్పుడు గాని తెలియలేదు.

ఆ పైన్‌ను మొదట వంచిన చేయి ఎవరిదో చెట్టును చూసి చెప్పలేము. 1976 నాటి రూపం కూడా నేడు యథాతథంగా లేదు. అయినా దానిని కళాఖండం అనడానికి సంకోచించనక్కరలేదు. అక్కడ కళ ఒకనాటి ఆకారంలో లేదు. ఏ కొమ్మను ఉంచాలి, దేనిని తీయాలి అని తరతరాలు చేసిన నిర్ణయాలలో ఉన్నది. ఇప్పుడు దానికి నీరు పోసేవారు యమాకి వంశీయులు కారు. ఈ ఏడు వారు తుంచిన చిగురును బట్టి, వదిలిన చిగురును బట్టి రాబోయే తరానికి ఆ చెట్టు రూపం ఏర్పడుతుంది.