పాఠం 9: తల్లీబిడ్డల ఆరోగ్యం – దేశ సంపద

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తల్లి ఆరోగ్యానికి, కుటుంబ ఆదాయానికి గల సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• శిశు సంరక్షణ దేశాభివృద్ధికి ఎలా తోడ్పడుతుందో వివరించగలుగుతారు.

9.1 ఒక చిన్న లెక్క

రోజుకు 300 రూపాయల కూలి సంపాదించే ఒక స్త్రీని ఊహించుకోండి. రక్తహీనత వల్ల ఆమె నెలకు మూడు రోజులు పనికి వెళ్లలేకపోతోంది. ఏడాదికి 36 రోజులు, అంటే 10,800 రూపాయలు పోయినట్లే. ఆసుపత్రి ఖర్చుకు చేసిన అప్పు దీనికి అదనం. ఇలాంటి ఇళ్లు లక్షల్లో ఉంటే ఆ నష్టం దేశానిదే అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది.

9.2 నేటి శిశువు, రేపటి శ్రామికుడు

తల్లి కడుపున పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేవరకు బిడ్డ మెదడు వేగంగా ఎదుగుతుంది. ఆ కాలంలో పోషణ లోపిస్తే బిడ్డ చదువులో వెనుకబడవచ్చు. పెద్దయ్యాక సంపాదన తగ్గవచ్చు. అదే సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగిన ఎత్తు లేరని తేలింది.

9.3 డబ్బు ముందా, ఆరోగ్యం ముందా?

“దేశం ధనవంతమైతే ఆరోగ్యం దానంతట అదే వస్తుంది” అని కొందరంటారు. శ్రీలంక అనుభవం వేరు. అక్కడ 1930ల దశకంలో ప్రతి లక్ష కాన్పులకు వెయ్యికి పైగా తల్లులు చనిపోయేవారు. ఆ దేశం సంపన్నమయ్యే వరకు ఆగలేదు. శిక్షణ పొందిన మంత్రసానులను ఇంటింటికీ పంపింది, ఉచిత వైద్యం అందించింది, ఆడపిల్లలను చదివించింది. 1990ల నాటికి ఆ సంఖ్య వందలోపుకు తగ్గింది.

మన దేశంలోనూ మార్పు వచ్చింది. 1975లో అంగన్‌వాడీల పథకం, 2005లో జననీ సురక్ష యోజన మొదలయ్యాయి. లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2004-06లో 254 ఉండగా, 2018-20 నాటికి 97కు తగ్గాయి. అయినా రాష్ట్రాల మధ్య తేడా ఉంది. 2020లో వెయ్యి జననాలకు శిశు మరణాలు కేరళలో 6, దేశం మొత్తంమీద 28.

పాఠాంతర్గత ప్రశ్నలు
1. రక్తహీనత కుటుంబ ఆదాయాన్ని ఎలా తగ్గిస్తుంది?
2. శ్రీలంక తీసుకున్న మూడు చర్యలు ఏవి?

గుర్తుంచుకోండి
గర్భిణిని వెంటనే ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించాలి. ఇనుము మాత్రలు క్రమం తప్పక వాడాలి. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టాలి. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినడం గర్భిణికి తగదు.

కృత్యం
మీ అంగన్‌వాడీకి వెళ్లి, గర్భిణులకు, పిల్లలకు ఏమేమి ఇస్తున్నారో అడిగి రాసుకోండి. మీ ఇంట్లో అవి అందాల్సినవారికి అందుతున్నాయా? అందకపోతే కారణం కనుక్కోండి.