గినీ పందుల గూళ్లు – చెక్కసామగ్రి సంరక్షణ

గినీ పంది పందిజాతికి చెందినది కాదు, గినీ దేశానికి చెందినదీ కాదు. ఎలుక, ఉడుత మొదలైన కొరికి తినే జంతువుల వర్గంలోనిదైన ఈ చిన్న ప్రాణికి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం జన్మస్థానం. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాల ప్రజలు వేల సంవత్సరాల క్రిందటే దానిని మచ్చిక చేసుకొని ఆహారం కొరకు పెంచారు. అక్కడ దాని పేరు ‘కుయ్’. పదహారవ శతాబ్దంలో ఐరోపా చేరిన తరువాత అది ముద్దుగా పెంచుకొనే జంతువైంది. నేడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలోని ఇళ్లలో సైతం దానిని పెంచుకొనేవారు ఉన్నారు.

ఈ జంతువు స్వభావంలో ప్రధానమైనది భయం. గద్ద నుండి, నక్క నుండి తప్పించుకొనడానికి గడ్డిదుబ్బులలోనూ, రాళ్ల సందులలోనూ దాగిన పూర్వుల అలవాటు దానిని నేటికీ విడువలేదు. తలపై నీడ పడితే చాలు, పరుగెత్తి దాగుతుంది. అందువలన పంజరంలో ఒక చెక్క గూడు దానికి అలంకారం కాదు, అవసరం. ఇక దాని నోటిలోని ఇరవై దంతాలూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. చెక్క బొమ్మలు కొరికితే దంతాలన్నీ అరుగుతాయని పలువురు భావిస్తారు. అది సగం నిజమే. చెక్క వలన ముందుపళ్లకు కొంత పని దొరుకుతుంది. లోపలి నమలుపళ్లను అరగదీసేది మాత్రం నిత్యం తినే ఎండుగడ్డియే. బొమ్మ ఉన్నది కదా అని గడ్డి తగ్గించడం కూడని పని.

చెక్కకు గల గొప్ప గుణమే దాని లోపం కూడా. అది కొరకడానికి అనువైనది, కాలికి వెచ్చనిది. అయితే సూక్ష్మమైన రంధ్రాలతో నిండి ఉండడం చేత తడిని పీల్చుకొంటుంది. గినీ పంది మూత్రంలో సున్నపు అంశం అధికం. అది ఆరిన చోట తెల్లని గట్టిపొర ఏర్పడుతుంది. లోపలికి ఇంకిన మూత్రం కుళ్లి అమ్మోనియా వాయువును వెలువరిస్తుంది. మనిషి ముక్కు గదిలో నిలిచి వాసన చూస్తుంది. గినీ పంది ముక్కు ఆ చెక్కకు అంగుళం దూరంలో రాత్రంతా ఉంటుంది. ఈ జంతువులకు శ్వాసకోశ వ్యాధులు సులభంగా సోకుతాయి, సోకిన పిమ్మట త్వరగా ముదురుతాయి. తడి నేలపై నిలిచిన పాదాలకు పుండ్లు పడడమూ సాధారణమే.

కనుక ప్రతిదినం గూటిలోని పెంటికలను, తడిసిన గడ్డిని తీసివేయాలి. వారానికొకసారి చెక్కసామగ్రిని వెలుపలికి తీసి, గట్టి బ్రష్షుతో గీకి, వెనిగరు, నీరు సమపాళ్లలో కలిపి తెల్లని పొరపై పూయాలి. సున్నపు పొరను పులుపు కరిగిస్తుంది. కొంతసేపటికి వేడినీటితో కడిగి, వెనిగరు వాసన పోయేవరకు తుడవాలి. చెక్కను నీటిలో నానవేయరాదు. నానిన చెక్క వంకరపోతుంది, ప్లైవుడ్ అయితే పొరలు విడిపోతుంది. మన ఇళ్లలో శుభ్రత అనగానే గుర్తుకు వచ్చేది ఫినాయిల్. ఇక్కడ దానికి తావు లేదు. దానిలోని రసాయనాలు చెక్కలో ఇంకి, కొరికినప్పుడు జంతువు కడుపులోకి చేరుతాయి. బ్లీచింగ్ ద్రావణాన్ని వెనిగరుతో కలపడం మరింత ప్రమాదకరం. ఆ కలయిక నుండి విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టి, కడిగే మనిషికే ముప్పు తెస్తుంది.

కడగడం కంటె ఆరబెట్టడం కష్టమైన పని. వేసవిలో ఒక పూట ఎండ చాలు. వానకాలంలో, ముఖ్యంగా కోస్తా ప్రాంతపు తేమలో, పైకి పొడిగా కనిపించే చెక్క లోపల తడిగానే ఉండి రెండుమూడు దినాలలో బూజు పట్టుతుంది. అందుచేత రెండు గూళ్లు ఉంచుకొని మార్చి మార్చి వాడడం మేలు. చెక్కను ఎండలో పెట్టవచ్చును గాని జంతువును పెట్టరాదు; వేడిని అది ఏమాత్రం తట్టుకోలేదు.

ఎంత కడిగినా కొన్ని వస్తువులు నిలువవు. పూర్తిగా ఆరిన తరువాత కూడా ఘాటు వాసన వచ్చినా, గోటితో నొక్కితే చెక్క మెత్తగా దిగినా, నల్లని బూజు మచ్చలు లోతుగా పాకినా ఆ గూడును పారవేయవలసిందే. పైపైన లేచిన పేళ్లను గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడిచి వాడుకోవచ్చును. కొరికిన చోట మేకు మొన బయటపడితే ఆలస్యం చేయరాదు. జంతువుకు తామర సోకినట్లు పశువైద్యుడు నిర్ధారిస్తే చెక్కసామగ్రినంతా సంచిలో కట్టి పారవేయడమే ఉత్తమం. ఆ శిలీంధ్రపు బీజాలు పగుళ్లలో నెలల తరబడి జీవిస్తాయి. అవి మనుష్యులకు, విశేషించి జంతువును ఒడిలో పెట్టుకొనే పిల్లలకు, అంటుకొంటాయి. ఖరీదు పెట్టి కొన్న వస్తువు కదా అని దాచుకొంటే జంతువుకు చేయించిన వైద్యమంతా వృథా అవుతుంది.

క్రొత్తది ఎంచుకొనేటప్పుడు అడుగుపలక లేని గూడు మంచిది. మూత్రం క్రింది పరుపులోకి పోతుంది, చెక్క తక్కువగా తడుస్తుంది. రెండు ద్వారాలు తప్పక ఉండాలి. లేనిచో బలమైన జంతువు వాకిట నిలిచి బలహీనమైన దానిని లోపలే బంధిస్తుంది. ఘాటైన తైలం గల దేవదారు పనికిరాదు. పైన్ చెక్క అయితే యంత్రపు వేడిలో బాగా ఆరబెట్టినదై ఉండాలి. రంగులు, వార్నిష్ పూసినవి వద్దు. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మలు ఎంత అందమైనవైనా రంగులు పూసినవే కనుక, వాటి స్థానం బొమ్మల కొలువులోనే గాని పంజరంలో కాదు.

ఈ జంతువులు తమ నివాసాన్ని కంటితో కంటె వాసనతో గుర్తిస్తాయి. అన్నింటినీ ఒకే దినం కడిగినా, మార్చినా అవి కలవరపడి మరల మరల మూత్రంతో గుర్తులు పెట్టుకొంటాయి, ఒక్కొక్కసారి కలహిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న జంతువుల విషయంలో ఒక వారం గూడు, మరొక వారం బొమ్మలు శుభ్రపరచడం మంచిది. క్రొత్త గూటిలో పాత గూటిలోని పొడిగడ్డి ఒక గుప్పెడు పరచి, రెండింటినీ కొన్ని దినాలు ప్రక్కప్రక్కనే ఉంచి, జంతువు తనంతట తాను క్రొత్త దానిలో నిద్రించడం మొదలుపెట్టిన పిమ్మట పాతదానిని తొలగించాలి.