చివరి ముక్కతో మొదలుపెట్టు

చిన్నీ,

రాత్రి రెండింటి దాకా మెడికల్ పదాలు బట్టీ వేస్తున్నావనీ, తెల్లారేసరికి సగం గుర్తుండడం లేదనీ, తెలుగు మీడియంలో చదివినందుకే ఈ పాట్లని ఏడుస్తున్నావనీ అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీడియం గొడవ వదిలెయ్. ఆ పదాల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు. ఇంగ్లీషు మీడియం పిల్లలకూ అవి పరాయివే. గాలెన్ అనే ప్రాచీన వైద్యుడు తన గ్రంథాలు గ్రీకులో రాశాడు. శరీర నిర్మాణం మీద వెసాలియస్ పుస్తకం 1543లో లాటిన్‌లో అచ్చయింది. అందుకని అవయవాలకు ఎక్కువగా లాటిన్ పేర్లు, జబ్బులకూ ఆపరేషన్లకూ ఎక్కువగా గ్రీకు పేర్లు నిలిచిపోయాయి. కిడ్నీకి వెళ్లే ధమని 'రీనల్' అయితే, కిడ్నీ వాపు 'నెఫ్రైటిస్' కావడం అందువల్లే.

నా మాట విని ఏ పదాన్నయినా చివరి నుంచి విప్పు. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. 'ఆటమీ' అంటే కోత పెట్టడం. 'ఆస్టమీ' అంటే ద్వారం తెరవడం. గ్రీకులో స్టోమా అంటే నోరు. ఇప్పుడు గాస్ట్రెక్టమీ, గాస్ట్రాటమీ, గాస్ట్రాస్టమీ పక్కపక్కన పెట్టి చూడు. మూడింటి మొదలూ జీర్ణాశయమే. కానీ ఒక రోగికి జీర్ణాశయమో, అందులో కొంత భాగమో పోతుంది. ఇంకొకరికి గాటు పడుతుంది. మరొకరికి ఆహారం లోపలికి పంపే దారి ఏర్పడుతుంది. బట్టీ పట్టిన బుర్రకు ఈ మూడూ ఒకే మోత. ఎవరు ఏమనుకున్నా సరే, మొదటి ఏడాదిలో అనాటమీ కన్నా ముందు ఈ తోకలే నేర్పాలంటాను. మొదళ్లూ అంతే. 'హైపర్', 'హైపో' మధ్య తేడా చెవికి ఎంత? చక్కెర ఎక్కువైన మనిషికీ తక్కువైన మనిషికీ చేసే వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు. తిన్నావా అసలు? తిన్నాకే మిగతాది చదువు.

ముక్కల అర్థం మోసం చేయదా అంటావు. చేస్తుంది. 'అనీమియా'ను విడగొడితే రక్తం లేకపోవడమని వస్తుంది. రక్తం బొత్తిగా లేని రోగి ఉండడు. 'ఆర్థోపెడిక్స్'లో పెడ్ అంటే పాదమనుకుంటారు చాలామంది. 1741లో ఆండ్రీ అనే వైద్యుడు ఆ మాట కట్టింది పిల్లల వంకర్లు సరిచేయడం గురించి. ఆ 'పెడ్' పిల్లల్ని సూచించే గ్రీకు ముక్క, లాటిన్ పాదం కాదు. ఇక 1886లో ఫిట్జ్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన 'అపెండిసైటిస్' లాటిన్ మొండేనికి గ్రీకు తోక. అయితే ఇందుకని పద్ధతినే పారేయాలా? ఆహారం, విహారం, సంహారం మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ధాతువు ఒక్కటీ చూసి వాటి అర్థం ఎవరూ చెప్పలేరు. అర్థం తెలిశాక మాత్రం మరిచిపోరు. ముక్కలు జ్ఞాపకానికి పట్టు ఇస్తాయి, రోగ నిర్ణయానికి కాదు. ఖచ్చితమైన నిర్వచనం పాఠ్యపుస్తకంలోనే చూసుకో.

స్పెల్లింగ్ భయమూ కొంత తగ్గుతుంది. నెఫ్రైటిస్‌లో 'ఫ' పలికే చోట 'పి', 'హెచ్' కలిసి ఉన్నాయంటే అది గ్రీకు అక్షరం తాలూకు జాడ.

ఆదివారం ఫోన్ చెయ్. కోలిసిస్టెక్టమీని తోక నుంచి మొదలుకి విప్పి చెప్పాలి నాకు. రాకపోతే ఇద్దరం కలిసి విప్పుదాం. ఈలోగా పదకొండింటికల్లా లైటు ఆర్పెయ్.

మీ పెదనాన్న