గోళం బొమ్మలో అంకె

అవనిగడ్డకు దగ్గరలో ఒక పల్లె. సుమారు 2008 నాటి మాట. ఆ పల్లెలో ఒక మామ్మకు అమెరికా నుంచి పొట్లం వచ్చింది. పంపింది కూతురు. పొట్లంలో రెండు డీవీడీ డిస్కులు ఉన్నాయి. ఒకటి మనవరాలి కూచిపూడి నాట్యం. ఆ పిల్ల మొదటిసారి రంగస్థలం ఎక్కి ఆడింది. అల్లుడు దాన్ని తీసి డిస్కులోకి ఎక్కించాడు. రెండోది అక్కడి దుకాణంలో కొన్న పిల్లల సినిమా.

కూచిపూడి ఊరు ఆ పల్లెకు ఎంతో దూరం లేదు. అయినా మామ్మ నాట్యం చూడాలంటే సముద్రం అవతలి నుంచి డిస్కు రావాలి. సాయంత్రం ఇల్లంతా జనం. కొడుకు పాత ప్లేయరులో సినిమా డిస్కు పెట్టాడు. తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చింది. అంతే, బొమ్మ రాలేదు. తర్వాత నాట్యం డిస్కు పెట్టాడు. పాట వినపడింది. బొమ్మ మాత్రం తెలుపు నలుపు. పైగా కిందికీ పైకీ జారిపోతోంది.

"దారిలో డిస్కులు పాడైపోయాయే అమ్మా" అన్నాడు కొడుకు. "టీవీ పోయిందేమో" అన్నారు పక్కింటివాళ్లు. మామ్మ ఏమీ అనలేదు. కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కొడుకు గుడివాడ వెళ్లాడు. దుకాణంలో ఒక ప్లేయరు చూపించారు. "ఏ దేశం డిస్కయినా ఆడుతుంది, రెండు వేలు" అన్నారు. రెండు వేలంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు. వాళ్లది కౌలు సేద్యం. ఎరువు బాకీ ఇంకా తీరలేదు. కొనాలా? వద్దా?

అసలు జరిగింది ఏమిటి? డిస్కులు పాడవలేదు. టీవీ కూడా పోలేదు. అక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. రెండూ వేరు వేరు.

మొదటి చిక్కు తాళం. డీవీడీ 1996లో జపాన్‌లో, 1997లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. సినిమా కంపెనీలు లోకాన్ని 6 భాగాలుగా పంచుకున్నాయి. ఒక్కో భాగానికి ఒక అంకె పెట్టాయి. దాన్ని రీజియన్ అంటారు. అమెరికాది 1. కువైట్, దుబాయి, ఇంగ్లండులది 2. ఆస్ట్రేలియాది 4. మన దేశానిది 5. డిస్కులోనూ ఈ అంకె ఉంటుంది, ప్లేయరులోనూ ఉంటుంది. రెండూ కలిస్తేనే బొమ్మ. మచిలీపట్నం ఇంటి తాళంచెవి గుడివాడ ఇంటికి పట్టదు కదా, ఇదీ అంతే. ఒక సినిమా ఒక దేశంలో ముందు, ఇంకో దేశంలో తర్వాత విడుదల చేసుకోవచ్చు. ఒక్కో చోట ఒక్కో ధర పెట్టుకోవచ్చు. ఈ తాళం కంపెనీల లాభం కోసం. చూసేవారికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ అంకె దాచిపెట్టింది కాదు. డిస్కు పెట్టె వెనక చిన్న గోళం బొమ్మ ఉంటుంది. అంకె దాని లోపల ఉంటుంది. ఏ తాళమూ లేని డిస్కులూ ఉన్నాయి. తెలుగు సినిమా డిస్కుల్లో అలాంటివి చాలా వచ్చాయి.

రెండో చిక్కు టీవీది. మన దేశపు టీవీ పద్ధతి పేరు పాల్. బొమ్మలో 625 గీతలు. అమెరికా పద్ధతి పేరు ఎన్‌టీఎస్‌సీ. దానికి 525 గీతలు. పాత డబ్బా టీవీల్లో కొన్నింటికి పాల్ ఒక్కటే తెలుసు. అందుకే రంగు పోయింది, బొమ్మ జారింది. ఇంట్లో ఎక్కించుకున్న డిస్కుకు మామూలుగా తాళం ఉండదు. కాబట్టి మనవరాలి డిస్కుకు మొదటి చిక్కు లేనే లేదు!

ఈ సంగతి టీవీలు బాగుచేసే కుర్రాడు చెప్పాడు. పాత ప్లేయరు రిమోటులో సెటప్ అనే మీట నొక్కాడు. టీవీ పద్ధతి దగ్గర పాల్ అని మార్చాడు. రంగు వచ్చింది. బొమ్మ నిలబడింది. మామ్మ మూడుసార్లు చూసింది. ఖర్చు? ఒక గ్లాసు టీ.

ఇక మిగిలింది ఒక్క పిల్లల సినిమా. దానికోసం రెండు వేలు పెట్టాలా? "ఇప్పుడొద్దు అత్తయ్యా, ఎరువు బాకీ తీరాక చూద్దాం" అంది కోడలు. ఆ మాట సరైనదే. కూతురు ఏటా అక్కడి డిస్కులు పంపేటట్టయితే లెక్క వేరు.

అలాంటి ప్లేయరు కొనేవారు తమ డిస్కు వెంట తీసుకెళ్లాలి. దుకాణంలోనే ఆడించి చూపమని అడగాలి. కొన్ని ప్లేయర్లకు రిమోటు మీద అంకెలు నొక్కి తాళం తీస్తారు. ఆ పని కూడా మన ఎదుటే చేయించుకోవాలి. తర్వాత ప్లేయరు వెనక చీటీ చదవాలి. 100-240 వోల్టులు అని ఉంటే మన కరెంటుకు పనికొస్తుంది. 120 ఒక్కటే ఉంటే అది అమెరికా సరుకు. మన కరెంటు 230. నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బిల్లు, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర ఉండాలి. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయవచ్చు. మచిలీపట్నంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇప్పుడు కొత్త సినిమాలు డిస్కుల్లో రావడం దాదాపు ఆగిపోయింది. ఫోన్లోనే చూస్తున్నారు. కానీ పెళ్లి డిస్కులు, పోయినవారి బొమ్మలు ఉన్న డిస్కులు చాలా ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి. దివిసీమలో ఉప్పుగాలి, చెమ్మ ఎక్కువ. డిస్కుల్ని సంచిలో కుక్కి పెట్టకూడదు. చీర చెంగుతో గుండ్రంగా తుడవకూడదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. ఇంటి డిస్కుల్ని ఆడుతుండగానే పెన్ డ్రైవులోకి ఎక్కించుకోవడం మంచిది.

చదివి చెప్పండి

1. డిస్కు పెట్టె మీద గోళంలో 2 అని ఉంది. మన దేశపు మామూలు ప్లేయరులో ఆడుతుందా?

2. మనవరాలి డిస్కు బాగుపడటానికి కొత్త ప్లేయరు ఎందుకు అక్కర్లేకపోయింది?

3. మీ ఇంట్లో ఉన్న ఒక కరెంటు వస్తువు వెనక చీటీ చూడండి. ఎన్ని వోల్టులని ఉంది? పలక మీద రాయండి.